సారాంశం చాలన్నాను

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే లైబ్రేరియన్‌నని చెప్పేదాన్ని. మాట అక్కడితో ఆగిపోయేది. పిల్లలకు పాఠం కూడా చెబుతానంటే, ఏం పాఠమని అడిగేవారు. దానికి జవాబు చెప్పే ఓపిక నాకు ఎప్పుడూ ఉండేది కాదు. రిటైరై రెండేళ్ళైంది. ఓపిక పెరగలేదు గాని తీరిక పెరిగింది. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఇప్పుడిప్పుడే చేరుతున్న మీలాంటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాను. అది నేను బాగా చేసిన పని గురించైతే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

జంషెడ్‌పూర్‌లో ఆక్యుపేషనల్ థెరపీ నేర్పే ఒక చిన్న కాలేజీలో పనిచేశాను. ఆ వైద్యం ఏమిటో మా సిద్ధగోరా ఇరుగుపొరుగుకు చివరిదాకా అర్థం కాలేదు. దెబ్బ తగిలినవాడో, పక్షవాతం వచ్చినవాడో మళ్ళీ తన చేత్తో తాను అన్నం కలుపుకునేదాకా, చొక్కా గుండీ పెట్టుకునేదాకా, వీలైతే పనిముట్టు పట్టుకునేదాకా వెంట ఉండి చేయించే వైద్యం అది. రోజూ అదే వేలు, అదే గిన్నె, అదే గుండీ. చూసేవాళ్ళకి విసుగు పుడుతుంది. చేసేవాళ్ళకి పుట్టకూడదు.

ఒక ఏడాది సిలబస్‌లో కొత్త పేపరొకటి వచ్చింది. రోగి ముందు కూర్చుని వచ్చిన సందేహాన్ని ప్రశ్నగా ఎలా రాసుకోవాలి, దానికి జవాబు చెప్పే పరిశోధన ఎక్కడ వెతకాలి, దొరికినదాంట్లో ఏది నమ్మాలి, ఎక్కడ నుంచి తీసుకున్నామో ఎలా చెప్పాలి అన్నది విషయం. కాలేజీలో టీచర్లందరికీ రోగులున్నారు. రోగులు లేనిదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆ పేపరు నాకు వచ్చింది. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు క్లాసు. డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం తిని వచ్చిన పిల్లలు, పైన ఫ్యాను, ముందు నేను. నిద్రకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

వాళ్ళు తెచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కడో ఒకచోట ఇంకో కాలేజీ పేరు చెరపకుండా ఉండిపోయేది. చివరి సంవత్సరాల్లో ఫోన్‌లో ఏఐని అడిగి తెచ్చిన రిఫరెన్సులు మొదలయ్యాయి. రచయిత ఉంటాడు, పత్రిక ఉంటుంది, ఆ వ్యాసం మాత్రం ఎవరూ ఎన్నడూ రాసి ఉండరు. గంటసేపు వెతికి, ఇది లేదమ్మా అంటే, కానీ చాలా బాగా రాసి ఉంది కదా మేడమ్ అని అమాయకంగా అడిగేవారు. వాళ్ళను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

సిలబస్ ముగించడానికి నేనొక అడ్డదారి నేర్పేదాన్ని. ప్రతి పరిశోధన వ్యాసానికీ మొదట అబ్‌స్ట్రాక్ట్ అని పది పన్నెండు వాక్యాల సారాంశం ఉంటుంది. అందులో చివరి రెండు వాక్యాలు ముందు చదవండి, పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది అనేదాన్ని. నా క్లాసులో పిల్లలంతా ఒకేసారి తలలు వంచి రాసుకున్న మాట అదొక్కటే.

ఒక ఏడాది చివరి సంవత్సరం పిల్లల్లో గోవింద్‌పూర్ నుంచి వచ్చే తెలుగమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ తాత టెక్కలి వైపు నుంచి వచ్చినవాడు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. ఈ ఊళ్ళో మన పిల్లల తీరే అంత. తెలుగు ఆమె నోట వినిపించేది ఇంట్లో నానమ్మతోనూ, థెరపీ గదిలో హిందీ రాని రోగులతోనూ మాత్రమే. అందుకే తెలుగు ఒక్కటే వచ్చిన ఒక రోగిని ఆమెకు ఇచ్చారు.

అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయి. పలాస దగ్గర పల్లె. మేస్త్రీ వెంట కాంట్రాక్టు పనికి వచ్చి ఏడాది కాలేదు. ఒక చిన్న షెడ్డులో రేకు కోస్తుంటే జారి, కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ లోపలివైపు తెగాయి. వేలిని వంచే స్నాయువులు, మనవాళ్ళు నరాలంటారే, అవి తెగిపోయాయి. వేరే ఆసుపత్రిలో వాటిని కుట్టి, వేళ్ళు పూర్తిగా చాపడానికి వీల్లేకుండా చేతి వెనక ప్లాస్టిక్ స్ప్లింటు కట్టి, మా దగ్గరికి పంపారు. కాగితం మీద కుట్టు వేశాం అని ఉంది, అంతే.

కొత్తగా కుట్టిన నరాన్ని కదపకపోతే చుట్టుపక్కల కండకు అతుక్కుపోతుంది. గట్టిగా కదిపితే తెగిపోతుంది. ఈ రెంటి మధ్య సన్నని దారిలో రోగిని నడిపించాలి. కొన్నాళ్ళపాటు బాగున్న చేత్తోనే ఆ వేలిని వంచాలని కొందరంటారు. మొదటి వారం నుంచే వేలు తన బలంతో తాను మెల్లగా వంగాలని కొందరంటారు. ఈ రోగికి ఏది మంచిదో సోమవారం నాడు డిపార్ట్‌మెంట్ ముందు చెప్పడం ఆ అమ్మాయి పని.

గురువారం సాయంత్రం అయిదు గంటలకు ఆమె లైబ్రరీకి వచ్చింది. ఆ వారం తనిఖీ బృందం రాబోతోంది. పుస్తకాల వీపుల మీద నంబర్ల చీటీలు అంటిస్తూ మూడు రోజులుగా నా వేళ్ళకి జిగురు వదల్లేదు. ఆమె చేతిలో ఒక ప్రింటు ఉంది. ఒక వ్యాసం సారాంశం. మొదటి వారం నుంచి తమంతట తాము వంచిన వేళ్ళు మెరుగ్గా కోలుకున్నాయని దాని చివరి రెండు వాక్యాలు. నేను నేర్పినట్టే ఆ రెండింటి కిందా గీత గీసుకుంది. అసలు వ్యాసం మాత్రం మా కాలేజీ కట్టిన చందాలో రాదు. కావాలంటే ఒక ఫారం నింపి ఇవ్వాలి, నేను వేరే లైబ్రరీకో రచయితకో రాసి తెప్పించాలి.

"మేడమ్, పూరా పేపర్ చాహియే," అంది. "ఇస్‌మే లిఖా హీ నహీ కి టాంకే కైసే థే."

పూర్తి వ్యాసం కావాలని, ఎలాంటి కుట్లు వేసిన చేతుల గురించో ఇందులో రాయనే లేదని ఆమె అడిగింది. ముప్పై ఏళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఇంత సరైన ప్రశ్న అడగలేదు. నేను చీటీ మీద నుంచి తల ఎత్తలేదు.

"సోమవారానికి అదెక్కడ వత్తాదమ్మా. సారాంశం చాలు. ముగింపు రాసీసుకో, అందరూ అలాగే సేత్తన్నారు," అన్నాను.

ఆమె ఫారం నింపి, తేదీ వేసి, నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. నేను దాన్ని చీటీల కట్టతోపాటు సొరుగులోకి తోశాను.

సోమవారం ప్రెజెంటేషన్ బాగానే జరిగింది. డిపార్ట్‌మెంట్ పెద్దావిడ తల్లికి ఒంట్లో బాగోక కోల్‌కతా వెళ్ళారు. ఆవిడ బదులు కుర్చీలో ఉన్నది ఒక చిన్న వయసు టీచరు. మంచివాడే. ముగ్గురి పని ఒక్కడే చేస్తున్న రోజులవి. ప్రొజెక్టరు కోసం నేనూ గది చివర కూర్చున్నాను. ఆఖరి స్లైడు అడుగున చిన్న అక్షరాల్లో, పూర్తి వ్యాసం రావలసి ఉంది అని రాసుకుంది ఆ అమ్మాయి. ఆయన చూడలేదు. నేను చూశాను. ఆయన బాగుందని సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి రోగి తన వేళ్ళను తన బలంతో వంచడం మొదలుపెట్టాడు.

ఆ పై వారం మంగళవారం పొద్దున్నే అతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడట. చెప్పినట్టే వంచుతుంటే లోపల టప్ మని వినపడిందనీ, ఆ తర్వాత చూపుడువేలు వంగడం లేదనీ చెప్పాడట. ఈ సంగతి నాకు చెప్పింది ఆ అమ్మాయే. మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చి, మూల బల్ల దగ్గర కాసేపు కూర్చుని, నా దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, ఒకటే అడిగింది.

"మేడమ్, వో పేపర్ ఆయా?"

వచ్చిందా అని. పంపితే కదా రావడానికి. ఫారం ఇంకా నా సొరుగులోనే ఉంది. "ఇంకా రాలేదమ్మా," అన్నాను.

నా ఉద్యోగంలో నేను చేసిన పొరపాట్లు లెక్కపెట్టుకుంటే చాలానే ఉన్నాయి. పుస్తకాలు పోగొట్టాను, బడ్జెట్ మురగబెట్టాను, ఒక పత్రికకి బదులు అదే పేరున్న ఇంకో పత్రికకి చందా కట్టాను. వాటన్నిటికీ పని ఒత్తిడి అని పేరు పెట్టుకోవచ్చు. ఈ రెండు మాటలకు పెట్టుకోలేను.

ఆమె వెళ్ళాక సొరుగు తీసి, రచయితకు ఈమెయిల్ రాసి పంపాను. మర్నాడు పొద్దున నేను కుర్చీలో కూర్చునేసరికి వ్యాసం వచ్చి ఉంది. నిన్న ప్రయాణంలో ఉన్నాను, ఆలస్యానికి మన్నించండి అని కూడా రాశాడాయన.

రెండో పేజీలోనే ఉంది ఆ విషయం. నాలుగు పోగులతో గట్టిగా కుట్టిన నరాలున్నవారినే ఆ పరిశోధనలోకి తీసుకున్నారు. రెండు పోగులతో కుట్టినవారిని, తెగే ప్రమాదం ఉందని, ముందే పక్కన పెట్టేశారు. అప్పటికి డిపార్ట్‌మెంట్ పెద్దావిడ కోల్‌కతా నుంచి తిరిగొచ్చారు. ఆవిడ ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసి అడిగారు. మా రోగికి వేసింది రెండు పోగులే. ఆ ఒక్క ఫోన్ మాలో ఎవరైనా ముందే చేసి ఉండవచ్చు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదిలో మీటింగు పెట్టారు. ప్రిన్సిపాల్, పెద్దావిడ, ఆ చిన్న టీచరు, అమ్మాయి, రోగి, అతని భార్య. రోగి మాట హిందీలోకి చెప్పడానికి నన్ను పిలిచారు. అమ్మాయి చెప్పకూడదు, ఆమె మీదే కదా విచారణ. వ్యాసం కాగితాలూ, ఆమె నింపిన ఫారమూ నా సంచిలో పెట్టుకుని వెళ్ళాను. తీస్తానో లేదో నాకే తెలియదు.

అమ్మాయిని ముందు అడిగారు. తాను సారాంశం మాత్రమే చదివానని, తప్పు తనదని హిందీలో చెప్పి ఊరుకుంది. ఫారం మాట ఎత్తలేదు. నన్ను కాపాడాలనుకుందో, లేక అది చెప్పుకోదగ్గ విషయమే కాదనుకుందో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత చిన్న టీచరు, ఇంట్లో ఏమైనా బరువు ఎత్తాడేమో అడగమన్నాడు. ఆయనకు అప్పుడే కూతురు పుట్టింది, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. నేను తెలుగులో అడిగాను.

"నేదమ్మా. మీరేటి సెప్పినారో అదే సేసినాను. పొద్దున పది సార్లు, మద్దేన్నం పది సార్లు, సందేళ పది సార్లు. నీల్లు కూడా మా ఇంటిదే పోసింది," అన్నాడు.

హిందీలో చెప్పాను. ప్రిన్సిపాల్ మళ్ళీ అడగమన్నారు. బకెట్టు గాని, తలుపు గడియ గాని, బస్సు కమ్మీ గాని. లేదన్నాడు. మూడోసారి అడగమన్నారు, బాగా గుర్తు చేసుకోమని. చదువుకున్నవాళ్ళు ఇంతమంది కూర్చుని ఒకే మాట మూడుసార్లు అడిగితే ఎవరికైనా తనమీద తనకే అనుమానం వస్తుంది. అతను భార్య వైపు చూశాడు. నేల వైపు చూశాడు.

"ఏమోనమ్మా. నిద్దట్లో ఏటైనా గట్టిగా అట్టుకున్నానేటో. తెల్దు," అన్నాడు మెల్లగా.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఆ వాక్యాన్ని హిందీలో చెబితే రిపోర్టు తయారైపోతుంది. రోగి సూచనలు పాటించలేదు, ముగిసింది. చిన్న టీచరు బతికిపోతాడు. అమ్మాయి కూడా చాలావరకు బయటపడుతుంది. నా సొరుగు సంగతి సొరుగులోనే ఉంటుంది. ఒక్క వాక్యం, అదీ నిజంగా అతను అన్నదే. అబద్ధం కూడా కాదు. అమ్మాయికి తెలుగు వచ్చు కనుక ఆమె అప్పటికే తల వంచేసుకుంది.

నేను చేసిన ధైర్యమేమీ లేదు. విసిగిపోయాను, అంతే. రోగి అన్నది తర్వాత చెబుతాను, ముందు నాదొకటి వినండి అని, సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. గురువారం ఈ అమ్మాయి కుట్ల గురించే అడిగిందని, సారాంశం చాలని నేనే అన్నానని, ఫారం పంపలేదని, మంగళవారం అడిగితే రాలేదని అబద్ధం చెప్పానని, ఆ వరసలోనే చెప్పాను. వ్యాసం రెండో పేజీ తెరిచి చూపించాను. అమ్మాయి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

ప్రిన్సిపాల్ "మేడమ్, ఆప్ తో లైబ్రరీ సే హై," అన్నారు, దాదాపు జాలిగా.

నేను లైబ్రరీ మనిషినట. నిజమే. రోగి ఫైలులో డాక్టరుకి గడి ఉంది, థెరపిస్టుకి ఉంది, విద్యార్థికి ఉంది. లైబ్రేరియన్ తప్పు రాయడానికి గడి లేదు. ఒప్పుకుందామన్నా నా పేరు పట్టే చోటు ఆ కాగితంలో లేకపోయింది. పెద్దావిడ మాత్రం ఆ ఫారం తీసుకుని తేదీ చూశారు. రిపోర్టు తనే రాస్తానన్నారు. రోగి చెప్పినట్టే చేశాడని, కుట్టు ఎలాంటిదో అడగకుండా వ్యాయామం మొదలుపెట్టింది మా డిపార్ట్‌మెంటేనని రాశారు. 'మేము' అని రాశారు, తాను ఊళ్ళో లేకపోయినా.

తర్వాత జరిగినవి చెప్పేస్తాను. అతనికి ఆ వారమే మళ్ళీ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత నెలల తరబడి మా దగ్గరే వైద్యం సాగింది. మధ్యవేలు దాదాపు మామూలైంది. చూపుడువేలు సగమే వంగుతుంది. రేకు కోసే పనికి ఆ చెయ్యి పనికిరాదు. మేస్త్రీ అతన్ని సామాను గదిలో పెట్టాడు. చిన్న టీచరుకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు, ఉద్యోగం మాత్రం నిలిచింది. అమ్మాయి చేతుల విభాగంలో ఆర్నెల్లు మళ్ళీ చేయవలసి వచ్చింది. ఆ ఆర్నెల్లూ ఏ వ్యాసం కావాలన్నా నా దగ్గరికి రాలేదు, రచయితలకు తనే రాసుకుంది. ఇప్పుడు వేరే ఊళ్ళో చేతుల వైద్యమే చేస్తోందని విన్నాను. నా సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ లేదు. రిటైరైన రోజున శాలువా కప్పారు.

నా క్లాసు మార్చుకున్నాను. ఒక టర్ము అంతా ఒకే వ్యాసం, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, అందరం కలిసి పైకి చదివేవాళ్ళం. సిలబస్ పూర్తి కాలేదని మెమో వచ్చింది. క్లాసు చాలా బోరుగా ఉందని పిల్లలు రాసిచ్చారు. ఉండేది కూడా. నిద్రపోయేవాళ్ళు నిద్రపోయేవారు.

ఒక్కటి చెప్పకుండా ఆపాను. మీటింగులో అతన్ని అడిగిన ప్రశ్నలు తప్ప మిగతాదంతా హిందీలో జరిగింది. రోగికి ఎవరూ తెలుగులో చెప్పలేదు. మళ్ళీ కుట్టాలి అని మాత్రమే అతనికి తెలుసు. పెద్దావిడ చెప్పిస్తారులే అని రెండు వారాలు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆటో ఎక్కి, భుయ్యాడీలో అతను అద్దెకుండే గదికి వెళ్ళాను.

భార్య గుమ్మంలో కూర్చుని కూర తరుగుతోంది. అతను మంచం మీద, కొత్త స్ప్లింటుతో. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని చెప్పి, నేను స్టూలు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. నీ తప్పేమీ లేదు తమ్ముడూ, ఆ పాప సరిగ్గానే అడిగింది, నేనే కాగితం తెప్పించలేదు, ఉన్న ముక్క చాలన్నాను అన్నాను.

అతను కొత్త స్ప్లింటును ఎడమచేత్తో ఒకసారి తడుముకున్నాడు.

"నానే గట్టిగా ఒంచీసినాననుకున్నానమ్మా," అన్నాడు.

"ఊరికి పోన్ సేసి ఆల్లమ్మకి అలగే సెప్పినాడు," అంది భార్య, కత్తిపీట మీద నుంచి చెయ్యి తీయకుండా. "నా సెయ్యి నానే పాడు సేసుకున్నానే అమ్మా అని."

అతను కుట్లున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆ కాగితం ఎంతుంటుందమ్మా అని అడిగాడు. పెద్ద పుస్తకం అనుకున్నట్టున్నాడు. ఎనిమిది పేజీలని చెప్పాను.

"నాను సదువుకోనేదు. ఎనిమిది పేజీలు సదవాలంటే ఎంతసేపు పడతాదమ్మా?"

వెక్కిరింపు లేదు. నిజంగా తెలియక అడిగాడు. అరగంట అని చెప్పాను.

అతను తల ఊపాడు. భార్య తరగడం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఆ పాపకి సెప్పండమ్మా. నాకు దాని మీద కోపం నేదని."

చెబుతానన్నాను. నా గురించి అతనేమీ అనలేదు. నేనూ అడగలేదు.